తప్పు జరిగిన రోజున నాయకుడు తనతో తాను ఎలా మాట్లాడుకోవాలి: స్వీయ కరుణను పనిలో పెట్టే సమగ్ర మార్గదర్శి

టీమ్‌లో ఏదైనా తప్పు జరిగితే ఆ సంగతి ముందుగా తెలిసేది చేసినవాళ్లకి. కాసేపటికి పక్క సీటు వాళ్లకి తెలుస్తుంది. పైన కూర్చున్నవాళ్లకి అందరికంటే ఆఖర్న తెలుస్తుంది. నష్టం ఎంతన్నది చాలాసార్లు ఈ మధ్యలో పోయిన సమయాన్ని బట్టే ఉంటుంది. గంటలో చెబితే సర్దుకుపోయే విషయం వారం దాగితే రచ్చకెక్కుతుంది.

ఎందుకు దాస్తారంటే భయం వల్ల. అది అందరికీ తెలిసిందే. ఆ భయం టీమ్‌లోకి ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం చాలామంది మేనేజర్లు గమనించరు. "నేను ఎవర్నీ ఒక్క మాట కూడా అననే!" అంటారు. నిజంగానే అనరు. కానీ తమ చేతిలో చిన్న పొరపాటు దొర్లితే రోజంతా ముఖం మాడ్చుకుని తిరుగుతారు. పంపేసిన మెయిల్‌ని పదిసార్లు తెరిచి చూసుకుంటారు. "ఛ, నాకసలు బుద్ధుందా" అని అందరూ వినేలా తిట్టుకుంటారు. చూస్తున్నవాళ్లు లోపల లెక్క వేసుకుంటారు: సొంత తప్పునే ఇంత సహించలేని మనిషి నా తప్పుని ఎలా చూస్తారు? ఇక నోరు విప్పరు.

కాబట్టి నాయకుడు తన తప్పుతో ఎలా వ్యవహరిస్తాడన్నది అతని సొంత గొడవ కాదు. టీమ్‌లో తప్పు ఒప్పుకోవడానికి ఎంత ఖరీదు చెల్లించాలో అక్కడే ఖాయమవుతుంది. స్వీయ కరుణ నాయకత్వానికి ఎందుకు కావాలంటే నా సమాధానం ఇదే. మనశ్శాంతి, ఆరోగ్యం లాంటివి కూడా దానితో వస్తాయి, మంచిదే. ఈ వ్యాసం మాత్రం పని గురించి.

ముందు, ఇందులో ఏముందో చూద్దాం

అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రవేత్త క్రిస్టిన్ నెఫ్ 2003లో స్వీయ కరుణకు ఒక నిర్వచనం ఇచ్చి, దాన్ని కొలవడానికి 26 ప్రశ్నల కొలమానం తయారుచేశారు. ఆమె చెప్పిన ప్రకారం దీనికి మూడు భాగాలున్నాయి. మొదటిది, కష్టంలో ఉన్నప్పుడు మనల్ని మనం చీల్చి చెండాడుకోకుండా దయగా చూసుకోవడం. రెండోది, ఇలా తడబడేది నేనొక్కడినే కాదు, మనుషులందరూ తడబడతారని గుర్తుపెట్టుకోవడం. మూడోది, బాధను ఉన్నంతలోనే చూడటం: లేదని నటించకూడదు, అందులో మునిగిపోకూడదు.

మూడూ కలిసి ఉండాలి. మొదటిది ఒక్కటే పట్టుకుంటే గారాబం అవుతుంది. మూడోదాన్ని వదిలేస్తే తన మీద తాను జాలిపడటం అవుతుంది. జాలిపడే మనిషి "నాకే ఎందుకిలా" అంటాడు. అక్కడ రెండో భాగం కూడా లేదని తెలిసిపోతూనే ఉంది.

ఇది వినగానే ఎవరికైనా వచ్చే అనుమానం ఒకటుంది: నా మీద నేను కఠినంగా ఉండబట్టే కదా ఇంతదాకా వచ్చాను, అది వదిలేస్తే మెత్తబడిపోనా? ఇది కొట్టిపారేయాల్సిన అనుమానం కాదు. కష్టపడి పైకొచ్చిన చాలామంది మనసులో ఇది పాతుకుపోయి ఉంటుంది, వాళ్ల అనుభవం కూడా దానికి సాక్ష్యం చెబుతున్నట్టే ఉంటుంది. దీన్నే పరీక్షించిన ప్రయోగం ఒకటుంది. జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చేసిన ఆ పరిశోధన 2012లో అచ్చయింది. విద్యార్థులకు కఠినమైన పదాల పరీక్ష పెట్టారు. సరిగా రాయలేకపోయిన తర్వాత ఒక గుంపుకి "ఈ పరీక్ష చాలామందికి కష్టంగానే ఉంటుంది, మిమ్మల్ని మీరు మరీ నిందించుకోకండి" అన్న అర్థం వచ్చేలా చెప్పారు. ఇంకో గుంపుకి "ఈ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చిందంటే మీరు తెలివైనవాళ్లే" అన్నట్టుగా ఆత్మవిశ్వాసం పెంచే మాట చెప్పారు. మూడో గుంపుకి ఏమీ చెప్పలేదు. తర్వాతి పరీక్షకు చదువుకోమంటే అందరికంటే ఎక్కువసేపు చదివింది మొదటి గుంపు.

కారణం ఊహించడం కష్టం కాదు. తప్పుని చూడటానికే భయం వేస్తే మనం అటువైపు చూడం. చూడకుండా దిద్దుకోలేం. కొరడాతో పైకొచ్చామని అనుకునేవాళ్లు నిజానికి కొరడా ఉన్నా పైకొచ్చినవాళ్లు అయ్యుండొచ్చు. ఇది నా అభిప్రాయం, వాదనకు సిద్ధమే.

నాయకుల మీదే నేరుగా చేసిన పని కూడా ఉంది. క్లోడియానా లనాజ్, ఆమె సహచరులు 2022లో ప్రచురించిన పరిశోధనలో, నాయకుడిగా తమ పాత్ర విషయంలో తమ మీద తాము దయగా ఆలోచించి పొద్దున్నే కొద్దిగా రాసుకున్న రోజుల్లో మేనేజర్లు తోటివాళ్లకి ఎక్కువ సాయం చేసినట్టు తేలింది. ఆఫీసు పనుల్లోనూ, సొంత సమస్యల్లోనూ. దయ అనేది ఒకరికి ఖర్చుపెడితే ఇంకొకరికి తరిగిపోయే సరుకు కాదని దీన్నిబట్టి అనుకోవచ్చు.

ఇక పని మొదలుపెడదాం.

మెట్టు 1: వారం రోజులు లోపలి గొంతుని వినండి

ఏమీ మార్చొద్దు. వినండి, రాసుకోండి, అంతే. ఫోన్‌లో ఒక నోట్ తెరిచి పెట్టుకోండి. ఏదైనా తేడా జరిగినప్పుడు, అంటే మీటింగ్‌లో మాట తడబడినా, ఎవరో మీ ప్రతిపాదనను కొట్టేసినా, గడువు దాటిపోయినా, ఆ క్షణంలో మీతో మీరు అనుకున్న మాటని ఉన్నదున్నట్టు రాయండి. మర్యాదగా మార్చి రాయొద్దు. "కొంచెం నిరాశగా అనిపించింది" అని రాస్తే ఉపయోగం లేదు. "వెధవపని చేశాను, అందరూ నవ్వుకుని ఉంటారు" అని లోపల అనుకుని ఉంటే అదే రాయండి.

వారం అయ్యాక చదవండి. ఎక్కువమందికి రెండు మూడు వాక్యాలే మళ్లీమళ్లీ కనిపిస్తాయి. కొందరిది "నేను దొరికిపోతాను" రకం, అర్హత లేకుండా ఈ కుర్చీలో కూర్చున్నామన్న దిగులు. కొందరిది "అన్నీ నేనే చూసుకోవాలి" రకం. ఇంకొందరిది అసలు తిట్టులాగే ఉండదు: "ఇంతకన్నా బాగా చేసి ఉండాల్సింది" అని చాలా సభ్యంగా ఉంటుంది, కానీ రోజుకి ఇరవై సార్లు వస్తుంది. ఈ మూడోదాన్ని పట్టుకోవడమే కష్టం. బాధ్యతలా కనిపిస్తుంది కాబట్టి ఎవరూ అనుమానించరు.

మీ వాక్యాన్ని గుర్తుపట్టాక ఇంకో పని చేయండి. గత నెలలో టీమ్‌లో ఎవరి మీదైనా మీకు చిరాకు వచ్చిన సందర్భం గుర్తు తెచ్చుకోండి. ఆ చిరాకు వెనక ఇదే వాక్యం ఉందేమో చూడండి. "అన్నీ నేనే చూసుకోవాలి" అనుకునే మనిషికి సెలవు అడిగినవాళ్ల మీద కోపం వస్తుంది. "దొరికిపోతాను" అనుకునే మనిషికి మీటింగ్‌లో మామూలు ప్రశ్న వేసినా గుమ్మడికాయల దొంగ అన్నట్టు భుజాలు తడుముకోవాలనిపిస్తుంది.

మెట్టు 2: చెడువార్త విన్న మొదటి పది నిమిషాలు

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. మిగతావి ఆలస్యంగా నేర్చుకున్నా ఫర్వాలేదు.

ఒకరు మీ టేబుల్ దగ్గరికి వచ్చి, కాస్త గొంతు తగ్గించి, "సార్, ఒక విషయం చెప్పాలి" అంటారు. ఆ క్షణంలో మీ ఒంట్లో ఏదో బిగుసుకుంటుంది. కొందరికి దవడ, కొందరికి పొట్ట. బ్రిటిష్ మనస్తత్వవేత్త పాల్ గిల్బర్ట్ వివరించే పద్ధతిలో చెప్పాలంటే, మనలో ప్రమాదాన్ని పసిగట్టే వ్యవస్థ ఒకటి, సాధించాలని పరుగెత్తించే వ్యవస్థ ఒకటి, ఊరటనిచ్చి నెమ్మదింపజేసే వ్యవస్థ ఒకటి ఉంటాయి. తనను తాను తిట్టుకోవడం మొదటిదాన్నే రెచ్చగొడుతుంది. తిట్టేది మనమే, తిట్లు తినేదీ మనమే. అందుకే ఆ ప్రమాదం నుంచి పారిపోవడానికి దారి ఉండదు. ఆ స్థితిలో ఎదుటి మనిషి చెప్పేది సగమే వినిపిస్తుంది.

ఏం చేయాలి? వరసగా చెబుతాను.

ముందు ఊపిరి. తీసుకునేదానికంటే వదిలేది కాస్త పొడుగ్గా ఉండేలా రెండు మూడు సార్లు. ఎదుటివాళ్లకి తెలియనక్కర్లేదు.

తర్వాత లోపల ఆ భావానికి పేరు పెట్టండి: "ఇది భయం." లేదా "ఇది సిగ్గు." లేదా "నాకు టెన్షన్ వస్తోంది." ఇంతే. మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో ప్రచురించిన మెదడు స్కానింగ్ పరిశోధనలో, భావానికి మాటల్లో పేరు పెట్టినప్పుడు భయంతో ముడిపడిన ఎమిగ్డలా అనే భాగంలో చురుకు తగ్గినట్టు కనిపించింది. పేరు పెడితే భయం పోతుందని కాదు, చేతికి చిక్కుతుంది.

అప్పుడు పైకి ఒక్క మాట: "చెప్పినందుకు థాంక్స్. ఇప్పుడు పరిస్థితి ఏంటి?" ఈ రెండు వాక్యాలను ముందే కంఠతా పెట్టుకోండి. ఆ సమయంలో మంచి మాటలు వాటంతటవే రావు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అని పెద్దలు ఊరికే అనలేదు. "ఇదెలా జరిగింది?" అన్న ప్రశ్న ఇప్పుడు వద్దు. అది ఎంత మెల్లగా అడిగినా "ఎవరు చేశారు?" అన్నట్టే వినిపిస్తుంది.

వాళ్లు వెళ్లాక, ఇంకెవరికైనా ఫోన్ చేసే ముందు, మీకోసం ఒక నిమిషం తీసుకోండి. ఇక్కడ ఈతన్ క్రాస్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు పరీక్షించి చూసిన ఒక కిటుకు పనికొస్తుంది. మీతో మీరు మాట్లాడుకునేటప్పుడు "నేను" అనకుండా, మీ పేరు పెట్టి పిలుచుకోండి. "ఇప్పుడు నేనేం చేయాలి దేవుడా" అనే బదులు మీ పేరుతో "ఇది కష్టమైన రోజు. ముందు ఏం చూస్తావు?" అని అడగండి. మొదట్లో నవ్వొస్తుంది. అయినా ఆ కొంచెం దూరం చాలు, పక్కవాళ్ల సమస్యకు సలహా ఇచ్చేటప్పుడు ఉండే తెలివి మన సమస్యకీ అందుతుంది.

మెట్టు 3: అదే రోజు, ఒక కాగితం, మూడు ముక్కలు

ఇది ఉదాహరణతో చూస్తేనే అర్థమవుతుంది. మీరు ఒక టీమ్ లీడ్ అనుకుందాం. సోమవారం క్లయింట్ ఫోన్ చేసి ఒత్తిడి పెట్టారు. "శుక్రవారానికి ఇచ్చేస్తాం" అన్నారు మీరు. టీమ్‌ని అడగలేదు. గురువారం సాయంత్రానికి పని సగమే అయింది.

కాగితం మీద మొదటి ముక్కలో జరిగింది మాత్రమే రాయండి:

"శుక్రవారం ఇస్తామని సోమవారం నేను చెప్పాను. చెప్పేముందు టీమ్‌ని అడగలేదు. మంగళవారం ఒకరు 'కష్టమేమో' అన్నారు. నేను ఆ మాట పట్టించుకోలేదు. ఇప్పటికి సగం అయింది. మిగతాది బుధవారానికి అవుతుందని అంచనా."

రెండో ముక్కలో లోపలి గొంతు ఇస్తున్న తీర్పు:

"నేను ఈ పదవికి తగను. క్లయింట్ చేజారిపోతారు. టీమ్‌కి నా మీద గౌరవం పోయింది."

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదానిలో ప్రతి వాక్యాన్నీ ఎవరైనా సరిచూడొచ్చు. రెండోదానిలో ఒక్కదాన్ని కూడా సరిచూడలేం. పైగా మొదటి ముక్కలో దిద్దుకోగలిగినవి ఉన్నాయి, రెండోదానిలో ఏడవడానికి తప్ప ఏమీ లేదు. ఇంకో సంగతి గమనించారా? రెండో ముక్క ఎంత కఠినంగా కనిపించినా, మంగళవారం నాటి హెచ్చరికను విస్మరించిన సంగతి అందులో లేదు. అసలు తప్పు అదే. తిట్టుకోవడంలో మునిగిపోయిన మనిషి తన అసలు తప్పుని సులువుగా దాటేస్తాడు.

మూడో ముక్కలో, మీకు నమ్మకం ఉన్న ఒక జూనియర్ ఇదే పని చేసి మీ దగ్గరికొస్తే ఏమంటారో రాయండి. మీ కింద కొత్తగా లీడ్ అయిన అబ్బాయో అమ్మాయో అనుకోండి:

"చూడమ్మా, తేదీ ఇచ్చేముందు టీమ్‌ని అడగాల్సింది. మంగళవారం వాళ్లు చెప్పినప్పుడైనా ఆగాల్సింది. అవతలివాళ్లు ఫోన్‌లో తొందరపెడుతుంటే 'అడిగి చెబుతాను' అనడం అంత తేలిక కాదు, నాకు తెలుసు, మేమంతా ఆ దారిలో వచ్చినవాళ్లమే. ఇప్పుడు రేపటిదాకా ఆగకు. ఈ సాయంత్రమే క్లయింట్‌కి ఫోన్ చెయ్యి. బుధవారం అని చెప్పు. ఆ తేదీ మాత్రం టీమ్‌ని అడిగాకే చెప్పు."

చదివి చూడండి. తప్పుని తప్పు అనే చెప్పారు, ఎక్కడా మెత్తబరచలేదు. ఇది అందరికీ కష్టమే అన్నారు. తర్వాత చేయాల్సిన పని చెప్పారు. "నువ్వు పనికిరావు" అని మాత్రం అనలేదు, అనాలని కూడా తోచలేదు. ఇప్పుడు "చూడమ్మా" తీసేసి మీ పేరు పెట్టండి. స్వీయ కరుణ సాధన అంటే చాలావరకు ఇదే. ఎదుటివాళ్లతో ఎలాగూ చేస్తున్న పనిని మనవైపు తిప్పుకోవడం.

ఇదంతా ఇరవై నిమిషాల పని. రాయకుండా తలలోనే చేస్తానంటే కుదరదు. తలలో రెండో ముక్క ఎప్పుడూ మొదటిదాన్ని మింగేస్తుంది.

మెట్టు 4: తప్పుని బయటికి ఒప్పుకోవడం

2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ సీఈవో అయిన సత్య నాదెళ్ల అదే ఏడాది అక్టోబర్‌లో కంప్యూటింగ్ రంగంలోని మహిళల సదస్సుకి వెళ్లారు. జీతం పెంచమని అడగడానికి మొహమాటపడే మహిళలకి ఏం సలహా ఇస్తారని అడిగితే, అడగడం కంటే వ్యవస్థ మీద నమ్మకం ఉంచాలన్న అర్థంలో జవాబిచ్చారు. విమర్శలు వెల్లువెత్తాయి. అదే రోజు ఉద్యోగులకు మెయిల్ రాశారు. ఆ ప్రశ్నకి తాను పూర్తిగా తప్పు జవాబు ఇచ్చానని, జీతం పెంపుకి అర్హత ఉందనుకుంటే అడగాల్సిందేనని అందులో చెప్పారు. ఆయన లోపల ఏమనుకున్నారో మనకు తెలియదు. బయటికి వచ్చిన రూపం మాత్రం చూడదగ్గది: వెంటనే వచ్చింది, సూటిగా ఉంది, సరైన జవాబు ఏమిటో అందులోనే ఉంది.

మీ ఒప్పుకోలుకి కూడా ఇవి చాలు. ఏం చేశాను, అది ఎవరికి ఇబ్బంది పెట్టింది, ఇప్పుడేం చేస్తున్నాను. పై ఉదాహరణలో అయితే టీమ్ ముందు: "సోమవారం మిమ్మల్ని అడక్కుండా తేదీ ఇచ్చాను. మంగళవారం చెప్పినప్పుడు వినలేదు. దానివల్ల ఈ వారం మీరు రాత్రిళ్లు కూర్చోవాల్సి వచ్చింది, సారీ. క్లయింట్‌తో మాట్లాడాను, మీరు చెప్పిన బుధవారానికి ఒప్పుకున్నారు. ఇకమీదట తేదీలు మీతో మాట్లాడాకే ఇస్తాను." ఆగిపోండి.

ఆగిపోవడమే కష్టం. చాలామంది ఇక్కడ ఇంకో నాలుగు వాక్యాలు కలుపుతారు: "నాకు చాలా గిల్టీగా ఉంది, మీకు మొహం చూపించలేకపోతున్నాను…" వినయంలా కనిపిస్తుంది గానీ దాని ఫలితం వేరు. ఎదురుగా ఉన్నవాళ్లు "అయ్యో, అలా అనకండి మేడమ్" అని మిమ్మల్ని ఓదార్చే పనిలో పడతారు. రాత్రిళ్లు కూర్చుని కష్టపడింది వాళ్లు, ఓదార్పు మీకు. ఆ బాధని ముందే మూడో మెట్టులో మీ అంతట మీరు చూసుకుని ఉంటే, టీమ్ ముందుకి వచ్చేసరికి దాన్ని వాళ్ల చేతిలో పెట్టాల్సిన అవసరం రాదు.

మెట్టు 5: సమీక్ష మీటింగ్

హార్వర్డ్ పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990ల్లో ఆసుపత్రి నర్సింగ్ బృందాల్లో మందుల పొరపాట్ల మీద పరిశోధన చేశారు. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయని అనుకున్నారు. లెక్కలు తిరగబడ్డాయి. మంచి నాయకత్వం, మంచి సంబంధాలు ఉన్న చోటే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. ఆమెకు తర్వాత అర్థమైంది ఏమిటంటే, అక్కడ జరిగేవి ఎక్కువ కావు, భయం లేక చెప్పేవి ఎక్కువ. 1999లో ఆమె రాసిన వ్యాసంతో టీమ్‌లో మానసిక భద్రత, అంటే తప్పు చెప్పినా అవమానమో శిక్షో ఉండదన్న నమ్మకం, అన్న ఆలోచన బాగా ప్రచారంలోకి వచ్చింది. విమానయానంలో ఇదే సూత్రం ఇంకా ముందునుంచే ఉంది. పైలట్లు, కంట్రోలర్లు తమ పొరపాట్లను పేరు బయటపడకుండా తెలియజేసే వ్యవస్థను అమెరికాలో నాసా 1976 నుంచి నడుపుతోంది.

మీ మీటింగ్‌లో మొదట మాట్లాడాల్సింది మీరే. మీ వంతు పొరపాటుని రెండు వాక్యాల్లో చెప్పండి, అదీ నిజమైనది అయితేనే. టీమ్‌ని మాట్లాడించడానికి లేని తప్పుని నెత్తిన వేసుకుంటే ఇట్టే పసిగడతారు. తర్వాత ప్రశ్నలు. "ఎందుకలా చేశారు?" అనొద్దు. "ఆ సమయానికి మీ దగ్గర ఏ సమాచారం ఉంది? దాన్నిబట్టి ఏది సరైనదనిపించింది?" అని అడగండి. ఈ ప్రశ్న మిమ్మల్ని మీరు కూడా వేసుకోదగ్గదే. ఈ రోజు తెలిసినదాన్ని పట్టుకుని సోమవారం నాటి మిమ్మల్ని తీర్పు తీర్చడం న్యాయం కాదు. సోమవారం తెలిసీ వదిలేసినదానికి జవాబు చెప్పడం న్యాయమే.

మెట్టు 6: కఠినమైన మాట చెప్పాల్సి వచ్చినప్పుడు

పనితీరు బాగాలేదని ఒకరికి చెప్పాలి. నెలనుంచి వాయిదా వేస్తున్నారు. ఎందుకు? "వాళ్లు బాధపడతారు" అంటాం. నిజం ఏమిటంటే, వాళ్లు బాధపడితే మనల్ని మనం చెడ్డవాళ్లుగా చూసుకోవాల్సి వస్తుంది, దాన్ని తట్టుకోలేం. ఆ మొహమాటం ఖరీదు ఎదుటి మనిషి చెల్లిస్తారు. దిద్దుకోవాల్సిన నెల పోతుంది, సంవత్సరాంతంలో రేటింగ్ చూసి ఉలిక్కిపడతారు.

వెళ్లేముందు మీతో మీరు చెప్పుకోండి: "ఇది నాకు ఇబ్బందిగా ఉంటుంది. గొంతు తడబడొచ్చు. అయినా ఇది చెప్పడం నా పని." అంతే. ఇబ్బంది ఉండొచ్చని ముందే ఒప్పుకున్న మనిషి తొందరగా తప్పించుకుందామని మాటని తేలికచేయడు, ధైర్యం తెచ్చుకోవడానికి గట్టిగానూ అరవడు.

మెట్టు 7: కాదనడం

దీని గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. దయలో మెత్తని వైపు ఒకటి, అడ్డం నిలబడే వైపు ఒకటి ఉంటాయి. నెఫ్ కూడా ఈ రెండో వైపు గురించి నొక్కి చెబుతారు. మీకు, మీ టీమ్‌కి మోయలేనంత పని పైనుంచి వస్తే "ఇది తీసుకుంటే ఏది ఆపమంటారు?" అని అడగడం స్వీయ కరుణే. సెలవు రోజున మెయిల్ పంపకుండా ఉండటం కూడా. మీరు ఆదివారం రాత్రి పంపిన మెయిల్‌కి "సోమవారం చూస్తే చాలు" అని ఎంత రాసినా, చూసినవాళ్లకి ఆదివారం పోయినట్టే.

ఎక్కడ బెడిసికొడుతుంది

ఈ మాట చెప్పకుండా స్వీయ కరుణ గురించి రాసేవాళ్లని నేను పూర్తిగా నమ్మను. లెవీ బేకర్, జేమ్స్ మెక్‌నల్టీ అనే పరిశోధకులు జంటల మీద చేసిన పరిశోధన 2011లో వచ్చింది. బాధ్యతగా, పద్ధతిగా నడుచుకునే స్వభావం ఉన్న మగవాళ్లలో స్వీయ కరుణ ఎక్కువ ఉన్నప్పుడు తప్పు దిద్దుకోవాలన్న పట్టుదల ఎక్కువ కనిపించింది. ఆ స్వభావం తక్కువ ఉన్న మగవాళ్లలో మాత్రం స్వీయ కరుణ ఎక్కువైనకొద్దీ ఆ పట్టుదల తక్కువగా కనిపించింది. అది సంసారాల మీద చేసిన పరిశోధన, ఆఫీసుల మీద కాదు. అయినా హెచ్చరిక ఇక్కడా వర్తిస్తుందనే అనుకుంటాను. బాధ్యత లేని చోట దయ సాకుగా మారిపోతుంది.

మీరు ఏ వైపు ఉన్నారో తెలుసుకోవడానికి ఒక పరీక్ష: మీరు మీకు చెప్పుకున్న దయగల మాట తర్వాత ఒక పని మిగిలిందా? మూడో మెట్టులోని జూనియర్‌కి చెప్పిన మాటలో "ఈ సాయంత్రమే ఫోన్ చెయ్యి" ఉంది. "పర్లేదులే, మనుషులన్నాక తప్పులు జరుగుతాయి" దగ్గర ఆగిపోతే, చేయాల్సిన ఫోన్ ఇంకా చేయలేదని అర్థం. అదే తప్పు మూడోసారి జరిగి, మూడుసార్లూ మిమ్మల్ని మీరు క్షమించేసుకుని ఉంటే, ఈ వ్యాసం పక్కన పెట్టి మీ పై అధికారితో మాట్లాడండి.

ఇంకో చిక్కు, మీ చుట్టూ ఉన్న వాతావరణం. పైన ఉన్నవాళ్లు తప్పు ఒప్పుకున్నవాళ్లని శిక్షించే రకమైతే, నాలుగో మెట్టుని మీ టీమ్ వరకే ఉంచుకోండి. పైకి పంపే రిపోర్టులో జరిగింది, చేసింది, చేయబోయేది రాయండి, మనోభావాలు వద్దు. ఇందులో కపటం ఏమీ లేదు. మొదటి ముక్క అందరికీ చూపించొచ్చు, మూడో ముక్క మీది.

రోజూ ఎలా నిలబెట్టుకోవాలి

పొద్దున మొదటి మీటింగ్‌కి ముందు ఐదు నిమిషాలు. ఈ రోజు నాయకుడిగా నాకు కష్టమయ్యేది ఏమిటి, అది కష్టమైతే నాతో నేను ఏమంటాను? రెండు మూడు వాక్యాలు రాస్తే చాలు. తప్పు జరిగిన రోజున మాత్రం మూడో మెట్టు మొత్తం చేయండి.

మొదటి వారాల్లో కృతకంగా ఉంటుంది. దయగా మాట్లాడుకుంటుంటే ఒంటికి పడనట్టు, కొందరికైతే ఉన్నట్టుండి ఏడుపొచ్చినట్టు కూడా ఉంటుంది. ఏళ్ల తరబడి బిగబట్టుకున్నవాళ్లలో ఇది అరుదేమీ కాదు. అలాంటప్పుడు మోతాదు తగ్గించండి, ఒక్క వాక్యంతో సరిపెట్టండి, లేదా కొన్నాళ్లు రెండో మెట్టులోని ఊపిరి వరకే చేయండి. క్రిస్టఫర్ జెర్మర్‌తో కలిసి నెఫ్ తయారుచేసిన ఎనిమిది వారాల శిక్షణ ఒకటుంది, గుంపుగా నేర్చుకోవడం నచ్చేవాళ్లు దాన్ని చూడొచ్చు.

అయితే వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, పొద్దున లేవాలంటేనే భారంగా ఉన్నా, లోపలి గొంతు "నేను లేకపోతేనే మంచిది" అనే దాకా వెళ్లినా ఈ కాగితాలు, ఐదు నిమిషాల రాతలు సరిపోవు. అది నాయకత్వ సమస్య కాదు. ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి, సైకాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవండి. టీమ్ పని నాలుగు రోజులు ఇంకొకరు చూసుకుంటారు.